సంచి ఎవరి చేతికిచ్చారు?

రక్తపు మరకకి వేడినీళ్ళు తగలకూడదు. తగిలితే మరక బట్టలో పాతుకుపోతుంది. చన్నీళ్ళలో నానేసి, సబ్బు అద్ది, బొటనవేలితో మెల్లగా రుద్దాలి. ఈ సంగతి ఏ ఆడదానికీ పనిగట్టుకుని చెప్పక్కర్లేదు. పెద్దమనిషైన దగ్గర్నుంచీ నెలనెలా చేతికి అలవాటైన పనే. మా తమ్ముడి చొక్కా కూడా నేను అలాగే ఉతికాను. ఆ రోజు నా బుర్ర పనిచేయడం లేదు. చేతులకి ఆ సంగతి తెలియక వాటి పని అవి చేసుకుపోయాయి.

వాణ్ణి అందరూ చిన్నోడనే పిలిచేవాళ్ళు. గుమ్మంలోంచి వంగి లోపలికి రావాల్సినంత పొడుగు మనిషి, అయినా చిన్నోడే. వాడికి ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నేనే పెంచాను. పెళ్ళై నేను అత్తారింటికొస్తే నా ట్రంకుపెట్టెతో పాటు వాడూ వచ్చాడు. "మా కోడలు బిడ్డతో సహా దిగింది" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. వాడు పెద్దవాడై, డ్రైవింగు నేర్చుకుని, మా వ్యాను నడపడం మొదలెట్టాక కూడా ఆ మాట మానలేదు. వాడి జీతంతో ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. అందులోంచి చల్లటి నీళ్ళు తీసుకుని తాగుతూ కూడా అనేది.

మాది గుడ్ల వ్యాపారం. ఫారాల నుంచి సరుకు రప్పించి దుకాణాలకీ, హోటళ్ళకీ, ప్రభుత్వ హాస్టళ్ళకీ వేస్తాం. బోర్డు మీద మా ఆయన పేరుంటుంది. ఫారం వాళ్ళతో బేరం ఆడేది, ట్రేలు దింపించేది, గుడ్డు గుడ్డూ లైటుకి పట్టి చూసేది, డబ్బు ఎగ్గొట్టేవాళ్ళ గుమ్మం ముందు నిలబడి వసూలు చేసేది నేను. ఆయన గల్లాపెట్టె వెనక ఫ్యాను కింద కూర్చుంటాడు. ఎవరన్నా అడిగితే "మా ఆవిడ కూడా కాస్త చేదోడుగా ఉంటుందిలెండి" అంటాడు. ఇంట్లో వంటకి పగిలిన గుడ్లే వాడతాం. అందులోనూ పచ్చసొన చెదరనివి ఆయనకీ అత్తగారికీ. ఓసారి ఒంట్లో బాగాలేక మంచి గుడ్డు ఒకటి ఉడకేసుకుంటే, "అమ్ముకునే సరుకు మనమే తింటే కొట్టు నిలబడుతుందా అమ్మా" అంది అత్తగారు. ఎంత మెత్తగా అంటుందంటే, గొంతులో ముద్ద అక్కడే ఆగిపోతుంది.

చిన్నోడు చేసిన నేరం ఏమిటంటే జోకు వేయడం. బజారువీధిలో సరుకు దింపుతుంటే వెనక నుంచి పోలీసు జీపు వచ్చి హారన్ కొట్టింది. "తొందరగా తియ్యరా" అన్నాడు ఎస్సై. "గుడ్లు సార్, విసిరేస్తే మీకే కాళ్ళు జారతాయి" అన్నాడు వీడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే వాడి ప్రాణం తీసింది. చొక్కా పట్టుకుని జీపెక్కించారు. కబురు తెలిసి నేను స్టేషనుకి పరిగెత్తితే, "మాట్లాడి పంపించేస్తాం, బయట కూర్చో అమ్మా" అన్నారు. సాయంత్రం దాకా ఆ మెట్ల మీద కూర్చున్నాను. లోపల వాడున్నాడు, బయట నేనున్నాను. మధ్యలో గోడ ఒక్కటే. చీకటి పడే వేళకి ఒకడు బయటికి వచ్చి, "మీవాడికి మూర్ఛ రోగం ఉందా?" అని అడిగాడు.

వాడికి పుట్టి బుద్ధెరిగాక జలుబు కూడా సరిగ్గా చేసి ఎరగదు.

మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఫారం నుంచి మా వ్యాను దిగేదాకా పగిలితే నష్టం ఫారం వాడిది. మా కొట్లో పగిలితే మాది. హోటలువాడు చూసుకుని, లోపల పెట్టుకున్నాక పగిలితే వాడిది. ఎలా పగిలింది, పిల్లి దూకిందా, కుర్రాడు తన్నాడా, అదంతా వాడి తలనొప్పి. ఎవరి చేతిలో ఉండగా పగిలిందో వాడే జవాబు చెప్పాలి. ఊళ్ళో ఎంత మొండివాడైనా ఈ మాట కాదనడు. నడిచి జీపెక్కిన మనిషిని స్ట్రెచరు మీద తిరిగిచ్చారు. గుడ్డు దగ్గర ఉన్న న్యాయం మనిషి దగ్గర ఎందుకు లేదని నేను అడిగితే, "చదువుకోని మాటలు మాట్లాడకే" అన్నాడు మా ఆయన.

మర్నాడు పిలిచారు. ఆస్పత్రి నుంచి శవాన్ని తీసుకోవడానికి మా ఆయన సంతకం పెట్టాడు. అక్కా తమ్ముళ్ళ బంధం కాగితాల మీద చెల్లదట, ఇంటి మగమనిషి కావాలట. ఆ తర్వాత స్టేషనుకి వెళ్తే రాతకోతలు చూసే రైటరు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. వాడు వేసుకున్న బట్టలు. మా ఆయన చెయ్యి చాపాడు. రైటరు ఆయన చేతిని దాటించి, పక్కకి జరిగి, సంచి నాకందించాడు. "మీకెందుకు సార్, అమ్మకిద్దాం. అమ్మా, తడితడిగా ఉన్నాయి. ఇంటికెళ్ళగానే ఉతికేయండి, లేకపోతే వాసనొస్తాయి." ఆ గొంతులో ఎంత మర్యాద, ఎంత జాలి! రెండు రోజుల్లో నాతో మంచిగా మాట్లాడిన మొదటి మనిషి వాడే. "సరే అన్నా" అని, చూపించిన చోట సంతకం పెట్టాను.

గుమ్మంలోనే అత్తగారు ఆపింది. "ఆ సంచి లోపలికి తేకు. ముందు నానెయ్యి." మా ఆయన సంచిని దాటుకుని వెళ్ళి మంచం మీద వాలాడు. నేను బకెట్టులో చన్నీళ్ళు పట్టి చొక్కా ముంచాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్ళీ పట్టాను. వీపు భాగంలో అడ్డంగా చారలు, కాలరు మీద గట్టిపడ్డ మరక, ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి. రుద్దాను. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా రుద్దాను. ఆరేశాను. ఇస్త్రీ చేసి మడత పెట్టాను. సాయంత్రం అత్తగారు ఆ మడత విప్పి, వెలుతురుకి పట్టి చూసి, "మరకన్నది లేకుండా పోగొట్టావు, మంచి చెయ్యి నీది" అంది. నా కాపురం మొత్తంలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ చొక్కానే లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎప్పుడూ జలుబుతో ఉండే మనిషి, ఒక చేతిలో రుమాలు, ఇంకో చేతిలో పెన్ను. ఇలాంటి చావుల కేసులు ఫీజు లేకుండా చూస్తుందని ఎవరో చెప్పారు. "ఆ రోజు వేసుకున్న బట్టలు ఏమయ్యాయమ్మా?" అంది. నేను చక్కగా మడతపెట్టిన చొక్కా, ప్యాంటు బల్ల మీద పెట్టాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. నాకప్పుడు అర్థమైంది. మెల్లగా, కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకింది ఆ అర్థం కావడం.

"చూశారా మేడమ్" అన్నాడు మా ఆయన. "నేను చేసేదంతా ఇలాగే తగలేస్తుంది."

లాయరమ్మ ఆయన వైపు చూడలేదు. "ఇవి వాళ్ళు సీలు వేసి కోర్టుకి పంపాల్సిన బట్టలు. మీ చేతికివ్వడమే తప్పు. కానీ రేపు అడిగితే, 'ఆవిడే ఏడ్చి గొడవపెట్టి తీసుకుంది, మేమేం చేస్తాం' అంటారు. వాళ్ళంతట వాళ్ళే అంటగట్టారని చూపించగలిగితే కేసు నిలబడుతుంది. లేకపోతే మూర్ఛ రోగమే మిగులుతుంది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదొక వేడుకైపోయింది. పరామర్శకి ఎవరొచ్చినా మా ఆయన చెప్పేవాడు. "మా ఆవిడకి శుభ్రం జాస్తి. తమ్ముడి కేసు కూడా ఉతికి ఆరేసింది." వచ్చినవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక టీ గ్లాసులోకి చూసేవాళ్ళు. ఆ టీ పెట్టిందీ నేనే, ఆ గ్లాసులు కడిగేదీ నేనే. ఉతకమన్న అత్తగారు "నేను నానెయ్యమన్నా గానీ ఉతకమన్నానా?" అంది. సంచిని దాటుకుని వెళ్ళిన మనిషికి మాత్రం ఏ పాపమూ అంటలేదు. ఏ పనీ ముట్టుకోని చేతులకి ఎప్పుడూ మరకలుండవు కదా. నేను రోజంతా ట్రేలు మోస్తూ, గుడ్లు లైటుకి పట్టి చూస్తూ నన్ను నేను తిట్టుకునేదాన్ని. వీపు మీద ఆ చారలు కళ్ళారా చూసింది లోకంలో నేనొక్కదాన్నే. వాటిని లేకుండా చేసిందీ నేనే.

ఇలాంటి చావుల విచారణలన్నీ ఒకే మేజిస్ట్రేటు దగ్గర, ఒకే రోజున పెట్టేవాళ్ళు. పొద్దున్నుంచీ వరండాలో కూర్చోవడం, సాయంత్రానికి వాయిదా వేయించుకుని ఇంటికెళ్ళడం. మగవాళ్ళు టీకొట్టు దగ్గరికి పోయి దేశాన్ని బాగుచేసేవాళ్ళు. ఆడవాళ్ళం గోడవార చతికిలబడేవాళ్ళం. ఒకామె బస్సు కండక్టరు భార్య, ఆ కండక్టరే పోయాడు. ఒకామె ఇస్కూల్లో ఆయా, కొడుకు పోయాడు. ఇంకొకామె కడుపుతో ఉంది, మొగుడు పోయాడు. అందరివీ అదే స్టేషనులో పోయిన ప్రాణాలే. ఒకరికి గుండె ఆగిందట, ఒకరు కిటికీకి ఉరేసుకున్నారట, ఒకరు మెట్ల మీంచి జారారట. ఆ స్టేషనుకి ఉన్నవి మూడే మెట్లు. నేను రోజంతా కూర్చున్నవే.

ఓ వాయిదా రోజున ఉండబట్టలేక, "మీకు బట్టలిచ్చారా?" అని అడిగాను.

"ఇచ్చారుగా" అంది కండక్టరు భార్య. "మా మరిది పక్కనే ఉన్నాడు. వాడికివ్వకుండా నన్ను పిలిచి మరీ ఇచ్చారు. ఉతికి పెట్టుకో తల్లీ అన్నారు."

"ఉతికావా?"

"ఉతక్కుండా? మా ఆయన బతికుండగా చొక్కా మీద చిన్న కూర మరకుంటే కంచం విసిరేసేవాడక్కా. చచ్చాక మాత్రం మరక ఉంచాల్సిందని నాకేం తెలుసు?"

అందరం నవ్వాం. కడుపుతో ఉన్న పిల్ల నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, అలాగే ఏడుపులోకి దిగిపోయింది. ఆయా దాని వీపు రాస్తూ, "నాకూ అంతేనమ్మా. 'అమ్మా, ఇంటికెళ్ళగానే ఉతికెయ్యి, వాసనొస్తాయి' అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నా" అంది.

వాసనొస్తాయి. అదే మాట.

మా పక్కనే స్తంభానికి ఆనుకుని తాళాలు బాగుచేసే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. టీకొట్టు రాజకీయాలు ఆయనకి పడవు. భార్య ఎప్పుడో పోయింది, ఉన్న ఒక్క కొడుకూ ఆ స్టేషనులోనే పోయాడు. ఆయన గొంతు సవరించుకుని, "నాకు ఇవ్వలేదమ్మా" అన్నాడు.

"ఏం బాబాయ్? ఎందుకివ్వలేదు?"

"అడిగాను. ఇంట్లో ఆడవాళ్ళుంటే పంపించు అన్నారు. ఎవరూ లేరయ్యా, నేనొక్కణ్ణే అన్నాను. వదినెలో, మేనకోడళ్ళో, పోనీ పక్కింటావిడో, ఎవరో ఒకర్ని పంపు పెద్దాయనా, నీకవి దేనికి అన్నారు. పక్కింటావిడనేం అడుగుతాం? ఊరుకున్నాను. ఇంకా అక్కడే ఉండుంటాయి."

నాకు లోపల ఒక లెక్క టకటకా తేలిపోయింది. ఇన్నాళ్ళూ నా తప్పనుకున్నది నా తప్పు కాదు. పొరపాటున జరిగిందీ కాదు. సరుకు ఎవరి గుమ్మంలో దింపితే పనవుతుందో చూసుకుని దింపారు. మగవాడి చేతిలో పెడితే అటక మీద పారేస్తాడు, మరకతో సహా ఉండిపోతుంది. ఆడదాని చేతిలో పెడితే? తమ్ముడు చచ్చినా, కొడుకు చచ్చినా, మొగుడు చచ్చినా ఆ సాయంత్రానికి ఇంట్లో వంట అవుతుంది, అంట్లు తోమడం అవుతుంది, బట్టలు ఉతకడం అవుతుంది. మా ఇళ్ళల్లో పాతికేళ్ళు కాపురం చేసినా మొగుళ్ళకి కనిపించని సంగతి ఆ రైటరుకి కనిపించింది. కనిపించి, దాన్ని వాడుకున్నాడు. వాళ్ళు కొట్టి చంపారు, మా చేత కడిగించారు. వాళ్ళ లాకప్పు గదిని శుభ్రం చేసే పనికి కూడా జీతం లేని మనుషులం మేమే.

నాకు దుఃఖం రాలేదు. దుఃఖం ఉన్న చోట కోపం వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. చాలా రోజుల తర్వాత కడుపునిండా గాలి పీల్చుకున్నాను.

లాయరమ్మకి చెబితే, "ఇంకెక్కడా నోరు మెదపకండి. తెలిస్తే ఆ పెద్దాయన సంచి కూడా మాయమవుతుంది" అంది. మొదటిసారి ఆవిడ తుమ్మడం మర్చిపోయింది.

ఈలోగా మా ఆయనకి వేరే భయం పట్టుకుంది. హాస్టళ్ళ ఆర్డరు మళ్ళీ కొత్తగా ఇచ్చే సమయం వచ్చింది. పై ఆఫీసులో ఎవరో, "మీ ఆవిడ పోలీసుల మీద కేసులాడుతోందటగా" అన్నారట. "పుట్టింటి గొడవ మెట్టినింటికి చుట్టొద్దు" అన్నాడు. విచారణ రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇంకో సలహా ఇచ్చాడు. "బట్టల సంగతడిగితే నువ్వు ఉతికానని చెప్పకు. అందరి ముందూ పరువు పోతుంది. పనిమనిషి ఉతికేసింది, మాకు తెలియదు అను."

"మనింట్లో పనిమనిషి ఎక్కడుందండీ?"

"ఉందని చెప్పు."

"ఉంది" అన్నాను. ఆయన తృప్తిగా తల దువ్వుకున్నాడు.

కోర్టు గదిలో ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. రైటరు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పలకరింపుగా తలూపాడు కూడా. ప్రభుత్వ లాయరు నా చుట్టూ నాలుగు ప్రశ్నలు తిప్పి, అసలు దానికి వచ్చాడు.

"చనిపోయిన వ్యక్తి దుస్తులు మీ దగ్గరికి వచ్చాయి. వాటినేం చేశారు?"

"ఉతికానండి."

వెనక మా ఆయన దగ్గాడు.

"మీ చేత్తో మీరే?"

"మా ఇంట్లో ఇంకెవరి చేతులూ ఆ పనికి రావండి."

"అంటే, సాక్ష్యాన్ని మీరే స్వయంగా నాశనం చేశారని ఒప్పుకుంటున్నారు. మీరే పట్టుబట్టి అడిగి తీసుకెళ్ళారు, అవునా?"

"నేను అడగలేదండి. చెయ్యి చాపింది మా ఆయన. ఆయనకి ఇవ్వలేదు. నాకిచ్చారు. ఇంటికెళ్ళగానే ఉతికేయండి, వాసనొస్తాయి అన్నారు." మేజిస్ట్రేటు గారి వైపు తిరిగాను. "అయ్యా, నేను చేసే పనిని మా ఇంట్లో ఎవరూ పని అనరు. ఈ ఊళ్ళో ఆ పని విలువ తెలిసింది ఈ స్టేషను వాళ్ళకే. అందుకే తెచ్చి నాకే అప్పగించారు. నాకొక్కదానికే కాదు. ఆ వరసలో కూర్చున్న వాళ్ళందర్నీ అడగండి. అందరం ఉతికాం. అందరికీ ఒకటే మాట చెప్పారు."

"ఇది సంబంధం లేని విషయం" అన్నాడు ప్రభుత్వ లాయరు.

"ఆ తాళాల పెద్దాయనకి ఎందుకివ్వలేదో అడగండి. వాళ్ళింట్లో ఉతికే మనిషి లేదు."

మేజిస్ట్రేటు గారు పెద్దాయన్ని నిలబెట్టి అడిగారు. ఆయన వరండాలో చెప్పిందే చెప్పాడు, పక్కింటావిడ సంగతితో సహా. ఎవరో కిసుక్కుమన్నారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. రైటరు వైపు తిరిగి, "ఆ బట్టలెక్కడున్నాయి?" అన్నారు. రైటరు లేచి నిలబడ్డాడు. తీసుకున్నవాళ్ళ సంతకం లేనిదే స్టోరులోంచి వస్తువు కదపకూడదట. పాపం, రూలు తప్పని మనిషి. ఎవరూ రాలేదు కాబట్టి అక్కడే ఉండిపోయింది. లాయరమ్మ లేచి, "ఇప్పుడే, కోర్టు మనిషిని పంపి తెప్పించండి. ఈలోగా వీళ్ళెవరూ గది దాటకూడదు" అంది. మా ఆయన చెమట తుడుచుకుంటూ బయటికెళ్ళిపోయాడు. ఆయన్నెవరూ ఆపలేదు.

మధ్యాహ్నానికి తెచ్చారు. మాకిచ్చినటువంటి సంచే. కోర్టు మనిషి ముడి విప్పి, బల్ల మీద కాగితం పరిచి, చొక్కా తీసి పెట్టాడు. ఎండి అట్టలా బిగుసుకుపోయింది. మడత విప్పుతుంటే పెళపెళమంది. కిటికీ పక్క ఫ్యాను గాలికి వాసన గదంతా పాకింది. వీపు మీద నల్లగా అడ్డచారలు, ఒకదాని మీద ఒకటి, కాలరు దాకా. నేను బకెట్టులో పారబోసినదంతా అక్కడ ఉంది. పెద్దాయన లేచి, రెండడుగులు ముందుకేసి, చెయ్యి చాపి, ముట్టుకోకుండా ఆగిపోయాడు.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఎస్సైని నిలబడమన్నారు. రైటరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ప్రభుత్వ లాయరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "చూశాం కదండీ, ఇక దీన్ని ఎవరైనా తీసి కాస్త..." అంటూ అలవాటు చొప్పున ఆడవాళ్ళం కూర్చున్న బల్ల వైపు చూశాడు.

మాలో ఒక్కరమూ లేవలేదు.